మొదటి మాటకు ముందు



గోదావరీ మన్యములో, శ్రావణమాసపు ముసురు మూడు దినములుగా విడువక పట్టియుండగా, ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో వెనుకగోడ కానుకొని, మోకాళ్ళపై నోటుపుస్తకము పెట్టుకొని నేను కూర్చుండి యుంటిని. ఆ ఒక్క గదిలోనే ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు 27 మంది పిల్లలు. అందరి ఇండ్లలోను కోయభాష. పంతులుగారిది మైదానపు తెలుగు. ఆయన శ్రద్ధ లేనివారు కారు. వాగు దాటి, తడిసిన గొడుగును మూలకు చేర్చి, రాగానే ఒకటవ తరగతివారిని ముందునకు పిలిచి, గోడకు వ్రేలాడుచున్న అక్షరముల పటములో ఒక బొమ్మపై బెత్తము మోపి, "ఇదేమిటి?" అని యడిగి, బదులు రాకపోగా "ఓడ" అని తామే చెప్పి, పిల్లలచేత పదిమార్లు పలికించిరి. పిల్లలు పలికిరి. రేకులపై పడుచున్న వానచప్పుడును మించి పలికిరి. శబరినదిలో తిరుగు దోనెను తప్ప వేరొక జలవాహనమును కన్నెత్తి చూచి యెరుగని ఆ శిశువులకు ఆ మూడు తెరచాపల బొమ్మ ఏ కొండయో, ఏ పక్షియో, ఏ పందిరియో యని తోచియుండవచ్చును. వారి కంఠములు మాత్రము ఆ శబ్దమును పంతులుగారికి భద్రముగా అప్పగించుచుండెను.

వరుస చివర నొక ఆరేండ్ల పిల్ల నోరు మెదపలేదు. పంతులుగారు నా వైపు వంగి, "ఆ పిల్లకు ఇంకా ఏమీ రాదండీ. బడిలో వేసి రెండు నెలలైంది, ఒక్క తెలుగుమాట లేదు" అని మెల్లగా చెప్పిరి. నేనును నా పుస్తకములో, ఆ పిల్ల పేరున కెదురుగా, "మాటలాడుట లేదు" అని వ్రాసికొంటిని.

మధ్యాహ్నము భోజనములైన పిమ్మట, వసారా చివర నుండి తెలుగు వినవచ్చెను. తొంగి చూచితిని. ఆ పిల్లయే. తనకన్న చిన్నవారిని నలుగురిని గోడవారగా కూర్చుండబెట్టి, చీపురుపుల్ల నొకదానిని బెత్తమువలె పట్టుకొని, "కూర్చోండి! చేతులు కట్టుకోండి! పలక తియ్యి! నువ్వు లే! గట్టిగా చెప్పు! అల్లరి చెయ్యొద్దన్నానా?" అని, పంతులుగారి గొంతులోని ఎత్తుపల్లములను, ఆఖరి మాటను సాగదీయు వారి అలవాటును సహితము విడువక, ఒక్క తప్పు లేకుండ పలుకుచుండెను.

నేను వ్రాసికొన్న వాక్యమును అక్కడికక్కడే కొట్టివేసితిని. ఈ ప్రసంగమంతయు ఆ కొట్టివేత గురించినదే.

ఆ బాలిక రెండు నెలలలో పదిపన్నెండు తెలుగు వాక్యములను, క్రియారూపములతో, ఏకవచన బహువచన భేదముతో, ఎవరితో ఏ స్వరమున పలుకవలెనో ఆ మర్యాదతో సహా నేర్చినది. ఎచ్చట నేర్చినది? పాఠములో కాదు, పాఠమునకు ముందును వెనుకను. "కూర్చోండి" అనగానే అందరు కూర్చుండుట చూచినది, తానును కూర్చున్నది. "పలక తియ్యి" అనగానే పలకలు చప్పుడగుట విన్నది, తన పలకను తీసినది. మాటవెంట పని, పనివెంట మాట నడచిన చోటనెల్ల భాష ఆమెకు దక్కినది. మాట మాత్రమే యుండి పని లేని చోట, అనగా మనము పాఠమని పేరుపెట్టి గంట కొట్టి చెప్పిన చోట, ఆమెకు చేతికందినది ఏమియు లేదు. 1960ల ప్రాంతమున అమెరికాలో జేమ్స్ ఆషర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఈ తత్త్వముపైననే ఒక బోధనాపద్ధతిని నిర్మించెను. అన్యభాష నేర్చువారు మొదట చాలకాలము మాటలాడ నక్కరలేదు. బోధకుడు చెప్పిన పనిని శరీరముతో చేయుచు పోయినచో, అర్థము దేహములో కుదురుకొని, మాట తనంత తాను వెలువడునని ఆయన వాదము. ఊయలలోని శిశువును ఏడాదిపాటు ఎత్తి, దించి, "రా", "తాగు", "ఇటు చూడు" అని పలుకరించి, బదులు మాట కొరకు ఒక్కనాడును కోపింపని ప్రతి తల్లియు ఈ పద్ధతిని ఎరిగినదే. బడిలో కూర్చున్న మనమే మొదటిదినము నుండి బదులు కోరుచున్నాము.

పరిశీలన యను మాటకు మన విద్యాశాఖలో చిరకాలముగా తనిఖీ యని యర్థము స్థిరపడిపోయినది. తనిఖీకి వచ్చినవారు పంతులుగారిని చూతురు: నల్లబల్లపై తేదీ వేసినారా, పాఠ్యపథకము వ్రాసినారా, కంఠము గదినంతటిని నిండినదా యని. నేను కోరునది వేరు. గదిలో కూర్చున్నవాడు పంతులుగారిని ఒక పావుగంట మరచిపోయి, ఒకే యొక పిల్లను, వీలైనచో వెనుకవరుసలోని పిల్లను, చూడవలెను. ఆమె కన్ను ఎప్పుడెప్పుడు పుస్తకమును విడిచి ఎచ్చటికి పోయినది, చేయి ఏమి చేయుచున్నది, పెదవి కదలినదా, ప్రక్క పిల్లతో ఏ భాషలో గుసగుసలాడినది, పంతులుగారు నవ్వినప్పుడు నవ్వినదా లేక ఇతరులు నవ్విన పిమ్మట వారిని చూచి నవ్వినదా. ఈ చివరి విషయము చిన్నదిగా కనబడును గాని, అర్థమైన పిల్లకును, అర్థమైనట్లు నటించుట నేర్చిన పిల్లకును నడుమ భేదము ఆ ఒక్క నిమేషపు ఆలస్యముననే పట్టుబడును.

వ్రాసికొనునప్పుడు తీర్పు వ్రాయరాదు, కనబడినది వ్రాయవలెను. "శ్రద్ధ లేదు" అనునది తీర్పు. "బయట ఎద్దుల మెడగంటలు వినబడగానే కిటికీ వైపు తిరిగినది; గంటలు వాగు వైపు దూరమగువరకు చూచినది" అనునది పరిశీలనము. మొదటిదానితో రేపు చేయదగిన పని ఏదియు లేదు, ఆ పిల్లను కసరుట తప్ప. రెండవదానితో రేపటి పాఠమే సిద్ధమైనది: ఒక మెడగంటను తెచ్చి, గదిలో ఒకచోట దాచి మ్రోగించి, "గంట ఎక్కడ? బల్ల కింద? తలుపు వెనక? సంచి లోపల?" అని వెదకించినచో, కింద, వెనక, లోపల అను మాటలు మూడును ఆ పిల్ల పరుగులు తీయుచు నేర్చును. నేను చాలమంది ఉపాధ్యాయులతో ఈ చిన్న పరీక్ష చేయించితిని: మీ గదిలోని ప్రతి పిల్లకు నొక చుక్కచొప్పున కాగితముపై పెట్టి, ఆమె తెలుగులో స్వయముగా పలికినప్పుడెల్ల ఆ చుక్క ప్రక్కన ఒక గీత గీయుడని. సామూహికముగా అరచినది లెక్క కాదు. తాను చెప్పదలచి చెప్పినదే లెక్క. గంట ముగియునప్పటికి ముందు వరుసలో మూడు నాలుగు చుక్కల చుట్టు గీతలు గుమిగూడుటయు, తక్కిన కాగితమంతయు వెలవెలబోవుటయు చూచి, ఏండ్ల తరబడి పాఠము చెప్పినవారే ఆ కాగితమును చేతబట్టుకొని కొంతసేపు మాటలాడలేకపోయిరి.

చూచుటకు కన్నులు చాలవు. ఆ పిల్ల ఇంటిభాషను గూర్చి కొంచెమైనను తెలిసియుండవలెను. కోయభాష గోండీభాష కొక శాఖ. గోండీయు తెలుగును ఒకే ద్రావిడ కుటుంబములోనివి. కావున మనము పలుకు మాటలు కొన్ని ఆ పిల్ల చెవికి పరాయివి కావు. పాతచుట్టములు వేరువేషములో వచ్చినట్లు వినబడును. మనము "ఏరు" అన్నప్పుడు పారుచున్న ప్రవాహము మన మనసున మెదలును. కోయపిల్లకు ఏరనగా నీరు. దప్పిక యైనప్పుడు ఆమె తల్లి నడిగినది ఆ మాటయే. మనకు "లోన" అనగా లోపల. ఆమెకు "లోను" అనగా ఇల్లు. మన పండుగ ఆమెకు పండుమ్. ఈ మూడు మాటలు తెలిసిన పంతులుగారు మొదటిదినముననే, "ఏరు" అని కడవను చూపి నవ్వి, పిమ్మట "నీళ్ళు" అని గ్లాసు చేతికిచ్చి, రెండు భాషల నడుమ వంతెన వేయగలరు. తెలియనివారు "ఏటిలో నీరు పారుచున్నది" అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, పిల్ల ముఖములోని కలవరమును మందబుద్ధి యని భ్రమపడుదురు. నీటిలో నీరు పారుటేమని ఆమె తలపోయుచున్నదని వారికి తోచదు.

ఇంతకన్న సూక్ష్మమైనది యొకటి కలదు. తెలుగులో అక్క వచ్చింది, ఆవు వచ్చింది. ఏకవచనములో ఆడువారికిని పశువులకును క్రియ యొక్కటే. బహువచనమున మాత్రము అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. స్త్రీలు పురుషులతో చేరి మనుష్యజాతి యగుదురు. గోండీ కోయ భాషలలో ఈ చేరిక లేదు. ఏకవచనములో నున్న విభాగమే బహువచనములోను నిలుచును. పురుషులు ఒకవైపు, తక్కిన సర్వమును మరియొకవైపు. అందుచేత తెలుగు నేర్చుచున్న కోయపిల్ల ఏదో యొకనాడు "అక్కలు వచ్చాయి" అనును. ఆ మాట విని గదిలోని పెద్దపిల్లలు నవ్వుటయు, పంతులుగారు "వచ్చాయి కాదు, వచ్చారు! అక్కలేమైనా గేదెలా?" అని చివాట్లు పెట్టుటయు నేను కన్నులార చూచితిని. ఆ పిల్ల ఎవరిని అగౌరవపరుపలేదు. తన తల్లిభాషలోని ఒక నియమమును, దానిని ఎన్నడును ఎవరును చెప్పకయే పుట్టుకతో నేర్చిన నియమమును, తెలుగునకు పట్టించి చూచినది. అంటే ఆమె మాటలను బట్టీయము పట్టుట మాని వాక్యములను స్వయముగా నిర్మించుట కారంభించినది. ఉపాధ్యాయుడు పండుగ చేసికొనదగిన దినమది. ఆ దినముననే మనము ఆమెను అవమానించి నోరు మూయింతుము.

లెక్కలలోనైనను ఇంతే. శ్రీకాకుళము కొండలలోని సవరల భాష ద్రావిడము కాదు. ముండా శాఖకు చెందినది. వారి లెక్క పన్నెండు వరకు పోయి, అక్కడినుండి పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు అని సాగి, పన్నెండు-ఏడుతో పంతొమ్మిదిని ముట్టి, ఇరువదికి మరల వేరు మాట నందుకొనును. సవరపిల్ల "పదమూడు" అను మాటను విన్నప్పుడు అందులోని పదియు మూడును ఆమెకు అడ్డుపడును. ఆమె మనస్సులో ఆ సంఖ్య పన్నెండు పైన నొకటి. చింతపిక్కలు పదింటిని ఒక కుప్పగా పోసి, మూడింటిని ప్రక్కన పెట్టి, "పది, మూడు, పదమూడు" అని చేతితో తాకించి చూపువరకు ఆ మాట ఆమెకు గుట్టు విప్పదు. పదమూడు దగ్గర తడబడినదని ఎక్కాలలో మొద్దనిపించుకొన్న సవరబిడ్డ యొక్కతె యైనను ఉండిన యెడల, ఆ పేరు మనకు చెందవలెను.

ఈ సంగతులు నేడు గ్రంథములలో దొరకుచున్నవి. ఏ గ్రంథమును లేని కాలమున వీనిని చెవితో విని పట్టినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, వ్యావహారిక భాషావాదమునకు ధ్వజమెత్తిన మహాపురుషులుగానే తెలుగుదేశము వారిని స్మరించుచున్నది. చిన్ననాట చేతికలవడిన వాక్యసరణి నన్ను నేటికిని విడువలేదు గాని, వారి వాదమునందలి సత్యమును నేను శిరసావహింతును. అయినను నా మనస్సునకు మిక్కిలి సన్నిహితమైనది వారి జీవితములోని మరియొక ఘట్టము. పర్లాకిమిడి సంతకు కొండలు దిగివచ్చు సవరలకు చదువు చెప్పవలెనని సంకల్పించి, వారు చేసిన మొదటి పని చెప్పుట కాదు, నేర్చుట. రెండు భాషలును తెలిసిన వానిని తమ యింటనే యుంచుకొని, సంవత్సరముల తరబడి సవరభాషను విని, వ్రాసికొని, మాటలను కూడబెట్టి, పిమ్మట ఆ భాషలో పిల్లలకు వాచకములు కూర్చి, వారికి బడులు పెట్టించిరి. 1931లో మద్రాసు ప్రభుత్వము అచ్చువేసిన వారి సవరభాషా గ్రంథము నేటికిని ఆ భాషను గూర్చి మాటలాడువారికి మూలస్తంభము. మన్యములలో తిరుగునపుడు పట్టుకొన్న చలిజ్వరమునకై మ్రింగిన క్వినైనా చేతనే వారికి వినికిడి తగ్గిపోయినదని వారి జీవితకథను వ్రాసినవారు చెప్పుదురు. ఒక జాతి పలుకును ఆలకించుటకై చెవులను ధారపోసిన ఉపాధ్యాయుని తలచుకొన్నప్పుడెల్ల, ఇరువది కోయమాటలు నేర్చుటకు తీరిక లేదని చెప్పు మా ఉపాధ్యాయులను మందలించుటకు నాకు నోరు చాలదు. ఆ మందలింపులో మొదటిపాలు నాదే. ఏజెన్సీ బడులలో తిరుగుట మొదలిడిన తొలి ఏడాది నాకును ఆ ఇరువది మాటలు రావు.

తరువాతి కాలములో ఆదిలాబాదు గోండుల నడుమ, 1943లో మార్లవాయి గ్రామమున, ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ పూనికతో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు కేంద్రము వెలసి, గోండీలోనే తొలివాచకములు వచ్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004 ప్రాంతమున కోయ, గోండీ, సవర, కువి, కొండ, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో, తెలుగులిపితో, మాతృభాషా వాచకములు బడులకు చేరినవి. ఆ ప్రయత్నముల పూర్వోత్తరములు వేరొక ప్రసంగమునకు తగినవి. మాతృభాషలో చదువు మొదలిడిన పిల్లకును ఏదో యొకనాడు తెలుగు వాకిలి దాటక తప్పదు. ఆ వాకిట నిలుచున్న పంతులుగారి చేతిలో రేపటి పాఠ మెట్లుండవలెననునదే నేడు నా పట్టు.

ఆ ముసురుదినమున వసారాలో చూచిన నాటకమును పంతులుగారికి చూపితిని. ఆయన చాలసేపు స్తంభము చాటున నిలిచి విని, "ఇదంతా ఎప్పుడు నేర్చుకుందండీ!" అనిరి. ఆ సాయంకాలము, దీపము పెట్టుకొని, మేమిద్దరము మరునాటి పాఠమును వ్రాసితిమి. ఓడ బొమ్మను చుట్టి అటకపై పెట్టితిమి. ఈ పిల్లలు బడి వెలుపల తెలుగు వినుచోటేది యని ఆలోచించితిమి. సంత. ప్రతి వారము తల్లి చంకనో, తండ్రి కావడి వెనుకనో పోయి, ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు అమ్మి, ఉప్పును, ఎండుచేపలును కొని తెచ్చుట ఆ పిల్లలందరు ఎరిగినదే. కోమటి కొట్టులోను, గిరిజన సహకార సంస్థ వారి డిపోలోను బేరము సాగునది తెలుగులోనే. కావున గదిలో సంత పెట్టుదమని నిశ్చయించితిమి.

మాటలను ఎంచుట దగ్గర మాకిద్దరికి వాదము వచ్చినది. పంతులుగారు ముప్పది మాటల పట్టిక వ్రాసిరి. నేను ఆరుకు మించవలదంటిని. చివరకు ఉప్పు, చింతపండు, చేప, గంప అను వస్తువులు నాలుగును, ఇవ్వు, తీసుకో, చూపించు అను పనులు మూడును, "ఎంత?" అను ప్రశ్నయు నిలిచినవి. ఆరు కాదు, ఎనిమిది. నేను కొంత దిగివచ్చితిని. మాటలు తక్కువైనను, వానిని కలుపుకొను విధములు అనేకములు. చేప చూపించు, చేప ఇవ్వు, గంప తీసుకో, ఉప్పు ఎంత, చింతపండు ఎంత యని ఒక్కొక్కమాట ఇరువదిమార్లు చెవిన పడవలెను, ప్రతిమారు కొత్త అవసరముతో పడవలెను. ముప్పది మాటలు ఒక్కొక్కమారు వినిపించుటకన్న ఇది మేలని నేను దృఢముగా నమ్ముదును. పిల్లలకు పునరుక్తి విసుగు కలిగింపదు. అర్థము లేని పునరుక్తియే విసుగు. ఒకే కథను ప్రతి రాత్రియు చెప్పుమని అమ్మమ్మను వేధించిన మనమందర మెరుగుదుము.

మరునాడు వస్తువులు నిజమైనవే తెచ్చితిమి. ఎండుచేపల వాసన గదిని నింపగానే, ముందునాడు ఓడ బొమ్మ ఎదుట కనురెప్ప వాల్చిన పిల్లలు లేచి నిలుచుండిరి. మొదటి పది నిమిషములు పిల్లలు ఏమియు పలుకవలసిన పని లేదు. పంతులుగారు "చేప చూపించు" అనుటయు, వారు చూపుటయు. "గంప తీసుకో" అనుటయు, తీసికొనుటయు. తప్పు గంప ఎత్తినవానిని ఆయన కసరలేదు. తామే సరియైన గంప నెత్తి, "ఇదిగో గంప" అని చూపి సాగిపోయిరి. పిమ్మట అయిదవ తరగతి పిల్లలు నలుగురు అంగళ్ళవారైరి. ఒకే గదిలో అయిదు తరగతులుండుట శాపమని అందరు వాపోవుదురు. అన్యభాష నేర్చుచోట అది వరము. పెద్దపిల్లలకు రెండు భాషలును తెలియును, చిన్నపిల్లల భయమును తెలియును. చిక్కుపడినచోట కోయలో ఒక మాట చెవిలో ఊది, మరల తెలుగులోనికి లాగుకొని వచ్చుట వారు చేసినంత సహజముగా ఏ ఉపాధ్యాయుడును చేయలేడు. బడిలో కోయమాట వినబడరాదని కట్టడి చేయు పాఠశాలలను నేను చూచితిని. ఆ కట్టడి పిల్ల చేతిలోని ఊతకర్రను లాగికొని నడువు మనుట వంటిది.

చింతపిక్కలే నాణెములు. అరగంట గడచినది. ఆరేండ్ల పిల్ల ఒకే పనిపై పది పదిహేను నిమిషములకు మించి నిలువదు గనుక, నడుమ నొకమారు అందరిని లేపి, పాటతో చుట్టు తిప్పితిమి. చివరి అయిదు నిమిషములలో మాత్రమే సుద్దముక్క పట్టుకొని పంతులుగారు నల్లబల్లపై "చేప" అని వ్రాసిరి. చేతిలో పట్టుకొన్న దానిని, వాసన చూచిన దానిని, బేరమాడిన దానిని, ఇప్పుడు గీతలలో చూచుట. అక్షరము చివరికి రావలెను. మనము దానిని మొదటికి తెచ్చి, అ ఆ ల వెంట అమ్మను, ఆవును, ఓడను, ఋషిని వరుసగా నిలువబెట్టి, భాష అనగా ఆ వరుస యేనని శిశువునకు నమ్మకము కలిగింతుము. ఇంగ్లీషు నేర్పు మన పట్టణపు బడులలోను, ఆదివారములు తెలుగు నేర్చు ప్రవాసాంధ్రుల బిడ్డల తరగతులలోను నేను విన్నంతవరకు ఇదే వరుస, ఇదే తొందర.

ఆకాశవాణిలో నిలుచుండి మాటలాడుచున్నాను గనుక ఒక్క మాట. పిల్లల కార్యక్రమములకు తెలుగునాట ప్రాణము పోసిన రేడియో అన్నయ్య, అక్కయ్యలు, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, పిల్లలకు నీతులు చదివి వినిపించుటతో తృప్తిపడక, మైకు ముందునకు పిల్లలనే తెచ్చిరి. పిల్లకు తన గొంతు వినబడుననియు, ఎవరో దానికొరకు కాచుకొని యున్నారనియు తెలిసినప్పుడు మాట వచ్చు విధమే వేరు.

పాఠ్యపథకమును గూర్చి నేను పంతులుగారిని కోరినది ఒక్కటే. పుస్తకములో ఎడమ పుటపై పథకము వ్రాయుడు. కుడి పుటను ఖాళీగా విడువుడు. పాఠము జరుగుచుండగా మీరు చూచినది, విన్నది, అనుకొనకుండ జరిగినది ఆ పుటలో చేరవలెను; రేపటి ఎడమ పుట నేటి కుడి పుట నుండి పుట్టవలెను. ఆయన తలయూచి, వెంటనే తన సందేహమును చెప్పిరి: "ఇలా చేస్తే సిలబస్సు ఎప్పుడు పూర్తవుతుందండీ? పైనుంచి వచ్చేవాళ్ళు కుడి పేజీ అడగరు, ఎన్ని పాఠాలైనాయని అడుగుతారు." ఆ ప్రశ్న న్యాయమైనది. పైనుండి వచ్చువారిలో నేనును ఒకడను. పాఠములు పూర్తియైనవని వ్రాసికొని పోయిన బడులలో, మూడవ తరగతికి వచ్చియు "నీ పేరేమిటి?" అను ప్రశ్నకు "నీ పేరేమిటి" అనియే బదులు చెప్పిన బాలురను నేను చూచితిని. సిలబస్సు ఆ పుస్తకములో పూర్తియైనది; ఆ బాలురలో మొదలే కాలేదు. ఈ మాటను నేను ఆయనతో చెప్పుటతో ఊరకుండక, పై అధికారులకు వ్రాసిన నివేదికలోను వ్రాసితిని. తనిఖీదారులు మొట్టమొదట కుడి పుటను అడిగి చూడవలెననియు అందులో కోరితిని.

మార్గశిరములో మరల ఆ ఊరికి పోయితిని. వాగు తగ్గినది, కల్లములలో ధాన్యపు కుప్పలు వెలసినవి. గదిలో అటకపై ఓడ బొమ్మ చుట్టిన చుట్టగనే యున్నది. నేను వెనుకగోడ కానుకొని కూర్చుంటిని. పాఠము సాగుచుండగా వాకిట గాజుల చప్పుడైనది. ఊరి ఆడువారు ఏదో పనిమీద పంతులుగారిని చూడవచ్చి, లోనికి రాక, చూరు క్రింద నిలుచుండిరి. అందరికన్న ముందు చూచినది ఆ పిల్లయే. లేచి, ఎవరును అడుగకుండగనే, "సారూ, అమ్మలు వచ్చాయి" అనెను.

పెద్దపిల్లలలో ఎవరును నవ్వలేదు. పంతులుగారు పుస్తకము దించి, ఆ మాటను తప్పుపట్టక, ఎంతో సహజముగా, "అమ్మలు వచ్చారా? ఎంతమంది వచ్చారు?" అని యడిగిరి.

ఆ పిల్ల వాకిటి వైపు తిరిగి, వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి, పెదవులలో ఒకమారు అనుకొని చూచికొని, "నాలుగు అమ్మలు వచ్చారు" అనెను.

"ఊఁ, నలుగురు వచ్చారు. కూర్చోమని చెప్పు" అని పంతులుగారు ఆమెను పంపి, బల్లపైనున్న నోటుపుస్తకమును తెరచి, కుడి పుటలో తేదీ వేసి, ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని వ్రాసికొనిరి.